తొలి బిట్ కాయిన్ కోటీశ్వరులు: చెప్పకుండా వదిలేసిన సగం కథ

పన్నెండేళ్ల బాలుడొకడు అవ్వ ఇచ్చిన 1,000 డాలర్లతో 2011లో బిట్ కాయిన్లు కొన్నాడు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి 10 లక్షల డాలర్ల ఆస్తికి యజమాని అయ్యాడు. కాలేజీ గడప తొక్కలేదు. అమెరికాలోని ఐడాహో రాష్ట్రానికి చెందిన ఎరిక్ ఫిన్మన్ అనే ఈ యువకుడి ఉదంతాన్ని 2017లో ప్రపంచంలోని పెద్ద పత్రికలు ప్రచురించాయి. ఆనాటి నుంచి ఈ కథ, ఇలాంటివే మరికొన్ని కథలు దేశదేశాల యువకుల సెల్ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. "రెండు లక్షలివ్వండి అబ్బా, నాలుగేళ్లలో రెండు కోట్లు చేసి చూపిస్తా" అని కొడుకు తండ్రిని అడిగాడంటే ఆ మాట వెనక ఉన్నది ఈ కథే.

ఇందులో అబద్ధం లేదు. కాని చెప్పకుండా వదిలేసిన భాగం చాలా ఉంది. అది తెలియకపోతే తండ్రి కొడుక్కి సమాధానం చెప్పలేడు. కొడుకు తాను అడుగుతున్నదేమిటో గ్రహించలేడు.

ముందుగా ఫిన్మన్ సంగతే చూద్దాం. అతనికి బిట్ కాయిన్ గురించి చెప్పింది సొంత అన్న. తల్లిదండ్రులిద్దరూ స్టాన్ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకున్నవారు. పద్దెనిమిదేళ్లలోగా 10 లక్షల డాలర్లు సంపాదిస్తే తనను కాలేజీలో చేరమని అడగకూడదని ఆ తల్లిదండ్రులతోనే పందెం వేసుకున్నాడు. పందెం ఓడితే అతనికి జరిగే నష్టమల్లా కాలేజీలో చేరడమే! ఇలాంటి సురక్షితమైన పందెం ఎంతమంది పిల్లలకు దొరుకుతుంది?

అతను కొన్నప్పుడు నాణెం ధర 12 డాలర్ల ప్రాంతంలో ఉంది. 2013 చివర్లో అది 1,200 డాలర్ల దాకా ఎగబాకినప్పుడు అమ్మేశాడు. పెట్టిన వెయ్యి లక్ష డాలర్లయింది. కథ చెప్పేవారు సాధారణంగా దాటవేసే మలుపు ఇక్కడే ఉంది. ఆ సొమ్ముతో అతను 'బొటాంగిల్' అనే సంస్థ పెట్టాడు. ఇంటర్నెట్ ద్వారా విద్యార్థులకు పాఠాలు చెప్పించడం దాని పని. 2015 జనవరిలో దాని సాంకేతిక హక్కులు కొనడానికి వచ్చినవారు లక్ష డాలర్లయినా ఇస్తాం, 300 బిట్ కాయిన్లయినా ఇస్తాం అన్నారు. ఆనాటి ధర చొప్పున 300 నాణేల విలువ లక్ష కంటే తక్కువ. అయినా అతను నాణేలే పుచ్చుకున్నాడు. 2017 మధ్యలో అతని దగ్గర ఉన్నవి 403 నాణేలు. అందులో అధికభాగం వ్యాపారం అమ్మగా వచ్చినవేనని లెక్క చూస్తే తెలిసిపోతుంది.

కాబట్టి, చిన్నప్పుడు కొని కళ్లు మూసుకుని కూర్చుంటే కోటీశ్వరుడయ్యాడన్న మాట నిలవదు. కొన్నవి అమ్మాడు, సంస్థ పెట్టాడు, దాన్ని అమ్మాడు. శ్రమ, అదృష్టం, వెనక చదువుకున్న కుటుంబం మూడూ కలిశాయి. మరో ముచ్చట కూడా చెప్పుకోవాలి. 2018 చివర్లో ధర పాతాళానికి పడినప్పుడు ఇదే యువకుడు, దీర్ఘకాలంలో బిట్ కాయిన్ పని అయిపోయిందన్న అర్థంలో పత్రికలవారితో మాట్లాడాడు. ఆ తర్వాత ఏడేళ్లలో ధర ముప్ఫై రెట్లకు పైగా పెరిగింది. అందరికంటే ముందు చేరినవాడికి అందరికంటే ముందుచూపు ఉంటుందని అనుకోనక్కరలేదు.

మరచిపోయినవాడు, పారేసినవాడు

సతోషి నకమోటో అన్న మారుపేరుతో ఎవరో 2008 అక్టోబరు 31న ఈ పథకాన్ని ప్రకటించారు. 2009 జనవరిలో అది ఆచరణలోకి వచ్చింది. మొత్తం 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి పుట్టకూడదన్నది నియమం. కంప్యూటర్ల చేత కష్టమైన లెక్కలు చేయించి లావాదేవీలను ధ్రువపరచిన వారికి కొత్త నాణేలు ప్రతిఫలంగా దక్కుతాయి. దీన్నే తవ్వకం అంటారు. మొదట్లో సుమారు పది నిమిషాలకొకసారి 50 నాణేలు పుట్టేవి. దాదాపు నాలుగేళ్లకొకసారి సగానికి తగ్గుతూ 2024 ఏప్రిల్ లో అది 3.125కు దిగింది. 2009లో మామూలు కంప్యూటరున్న విద్యార్థి ఇంట్లో కూర్చుని వేల నాణేలు తవ్వుకోగలిగాడు. తర్వాతి కాలంలో అదే పనికి గోదాముల నిండా యంత్రాలు, ఒక ఊరికి సరిపడే కరెంటు కావాల్సి వచ్చాయి.

ఆ తొలి రోజుల్లో చేరినవారంతా ధనవంతులయ్యారా అంటే కాలేదు. నార్వే దేశపు విద్యార్థి ఒకతను సంకేత లిపి మీద పరిశోధన చేస్తూ 2009లో 150 క్రోనర్లు, అంటే సుమారు 27 డాలర్లు పెట్టి 5,000 నాణేలు కొన్నాడు. కొన్న సంగతే మరచిపోయాడు. 2013లో పత్రికల్లో ధర చూసి గుర్తు తెచ్చుకున్నాడు. రహస్య సంకేత పదం జ్ఞాపకం రాక నానా తంటాలు పడి, చివరికి ఖాతా తెరిచి, ఐదో వంతు అమ్మి ఓస్లోలో ఫ్లాటు కొనుక్కున్నాడు. అతన్ని ధనవంతుణ్ణి చేసింది మతిమరుపు! గుర్తుండి ఉంటే నూరు డాలర్లు రాగానే అమ్మేసేవాడేమో.

అమ్మేసినవారూ ఉన్నారు. 2010 మే 22న ఫ్లోరిడాలోని ఒక ప్రోగ్రామరు రెండు పిజ్జాల కోసం 10,000 బిట్ కాయిన్లు ఇచ్చిన వైనం ప్రసిద్ధం. అతని అమాయకత్వాన్ని చూసి నవ్వుకోవడం లోకానికి అలవాటైంది. ఆ నాణేలు పుచ్చుకుని పిజ్జాలు తెప్పించి పెట్టింది కాలిఫోర్నియాలోని 19 ఏళ్ల కుర్రాడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అంత ముందుగా, అంత చిన్న వయసులో, అన్ని నాణేలు చేజిక్కించుకున్నవారు లోకంలో ఎందరో ఉండరు. అతను వాటిని కొద్ది వందల డాలర్ల విలువకే విహారయాత్రలో ఖర్చు చేసేశాడు. 2024 డిసెంబరు ధర ప్రకారం వాటి విలువ 100 కోట్ల డాలర్లు. అతను చేసింది తప్పు కాదు. వయసులో ఉన్న కుర్రాడు చేతికొచ్చిన డబ్బు పదింతలైతే ఖర్చు పెట్టుకోక ఏం చేస్తాడు?

బ్రిటన్ లోని వేల్స్ ప్రాంతంలో, న్యూపోర్ట్ పట్టణంలో మరొకతను 2009లో తవ్విన సుమారు 8,000 నాణేల తాళం ఉన్న హార్డ్ డిస్కు 2013లో పొరపాటున చెత్తలో కలిసిపోయింది. చెత్త దిబ్బను తవ్వనివ్వమని పన్నెండేళ్లు పోరాడాడు. 2025 జనవరిలో హైకోర్టు అతని దావాను కొట్టివేసింది. ఇక టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజి 2014 ఫిబ్రవరిలో దివాళా తీసినప్పుడు 8 లక్షల 50 వేల నాణేలు మాయమయ్యాయి. వాటిలో 2 లక్షలు తర్వాత దొరికాయి. బాధితులకు నాణేలు తిరిగి ఇవ్వడం మొదలైంది 2024 జులైలో. పోయిన వాటిలో కొద్ది భాగమే వచ్చినా, పదేళ్లలో ధర నూరు రెట్లు పెరగడంతో అప్పటి మొత్తం విలువ కంటే అదే ఎక్కువైంది. దివాళా అయిన ఎక్స్ఛేంజి తాళం వేసి పెట్టడం వల్ల లాభపడ్డవారు వీరు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, "ముందుగా కొన్నారు, ధనవంతులయ్యారు" అనే రెండు మాటల మధ్య పదేళ్ల కాలం ఉంది. ఆ కాలం ఎలాంటిదో చూడండి. 2011 జూన్ లో 30 డాలర్లు దాటిన ధర నవంబరుకు 2 డాలర్లకు పడింది. 2013 నవంబరులో 1,100 దాటి, 2015 జనవరికి 200 లోపుకు వచ్చింది. 2017 డిసెంబరులో 20,000 దరిదాపుల్లోకి వెళ్లి, ఏడాది తిరిగేసరికి 3,200. 2021 నవంబరులో 69,000 తాకి, మరుసటి సంవత్సరం 16,000. నాలుగుసార్లు నూటికి 75 వంతులకు పైగా హరించుకుపోయినా అమ్మకుండా ఉన్నవాడికే ఆ మహా సంపద దక్కింది. అలా ఉండగలిగేది ఎవరు? ఆ డబ్బుతో పనిలేనివాడు, మరచిపోయినవాడు, తాళం పోగొట్టుకున్నవాడు, లేదా ఒక మతంలా దాన్ని నమ్మినవాడు. నెల తిరిగేసరికి ఇంటద్దె కట్టాల్సినవాడు, చెల్లెలి పెళ్లి చేయాల్సినవాడు ఈ జాబితాలో చేరడం కష్టం.

ఈ సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది?

పొలం పంటనిస్తుంది. దుకాణం లాభం తెస్తుంది. కంపెనీ వాటాకు ఏటా ఎంతో కొంత ఆదాయంలో పాలు దక్కుతుంది. బిట్ కాయిన్ దేనినీ ఉత్పత్తి చేయదు. బంగారమూ అంతే కదా అనవచ్చు, ఆ వాదనలో నిజం లేకపోలేదు. అయితే బంగారం కొన్నవారెవరూ పదేళ్లలో వెయ్యింతలవుతుందని కొనరు. 12 డాలర్లకు కొన్నవాడికి 1,200 రావాలంటే ఆ మిగతా 1,188 డాలర్లు తర్వాత కొన్నవాడి జేబులోంచే రావాలి. మొదటివాడి లాభం ఎంత పెద్దదైతే తర్వాత వచ్చినవారు అంత ఎక్కువమంది, అంత ఎక్కువ సొమ్ముతో వచ్చారన్నమాట.

ప్రపంచ దేశాల కేంద్ర బ్యాంకులకు బ్యాంకుగా వ్యవహరించే అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు (బాసెల్, స్విట్జర్లాండ్) 2022 నవంబరులో ఒక అధ్యయనాన్ని వెలువరించింది. 2015 నుంచి 2022 దాకా 95 దేశాల్లో సెల్ ఫోన్ల ద్వారా ఈ లావాదేవీలు చేసినవారి లెక్క అది. బిట్ కాయిన్ లో డబ్బు పెట్టినవారిలో నూటికి 73 నుంచి 81 మంది నష్టపోయి ఉంటారని తేల్చింది. కొత్తగా చేరినవారిలో దాదాపు 40 శాతం 35 ఏళ్ల లోపు మగవారు. ధర పెరుగుతున్నప్పుడే వీరు వచ్చి చేరారు. చిన్నవాళ్లు కొంటుంటే పెద్ద మొత్తాలున్నవారు అమ్ముకున్నారు. పెరిగిన ధరే కొత్తవారిని పిలిచే దండోరా. ఆ దండోరా వినబడేసరికి చౌక కాలం గడిచిపోయి ఉంటుంది.

ఇక గుణకారం సంగతి. లక్ష డాలర్ల ధర వద్ద లోకంలోని బిట్ కాయిన్లన్నింటి విలువ సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు. ఇది మళ్లీ వెయ్యింతలు కావాలంటే 2,000 లక్షల కోట్ల డాలర్లు కావాలి. ప్రపంచంలోని కుటుంబాలన్నింటి ఇళ్లు, పొలాలు, నగలు, బ్యాంకు నిల్వలు, వాటాలు అన్నీ కలిపినా 500 లక్షల కోట్లకు అటూ ఇటూగా ఉంటుంది. ధర ఇంకా పెరగవచ్చు, రెట్టింపు కావచ్చు, సగమూ కావచ్చు. 2025 అక్టోబరులో 1,26,000 డాలర్లు తాకి, నవంబరులో 90,000 దిగువకు వచ్చింది. కాని 2011 నాటి గుణకారం ఆ నాణెంలో ఇక మిగలలేదు. పదో తరగతి లెక్కలు వచ్చినవారెవరైనా ఈ సంగతి చూసుకోవచ్చు.

మట్టి చెంచా తరం

యువతరానిది ఒట్టి దురాశ అని తేల్చేయడం తేలిక. పెద్దలు తరచు చేసేది అదే. ఆ తీర్పు ఎంత పొరపాటో దక్షిణ కొరియాను చూస్తే అర్థమవుతుంది.

ఆ దేశంలో పుట్టుకతోనే సంపద ఉన్నవారిని 'బంగారు చెంచా' అని, ఏమీ లేనివారిని 'మట్టి చెంచా' అని పిలుచుకోవడం యువకుల్లో వాడుక. రాజధాని సియోల్ లో అపార్టుమెంటు ధరలు 2017 నుంచి 2021 లోపు దాదాపు రెట్టింపయ్యాయి. జీతంలో ఎంత మిగిల్చినా ఇల్లు దొరకదని తేలిపోయిన తరం అది. అలాంటివారికి క్రిప్టో ఒక్కటే తెరిచి ఉన్న తలుపులా కనిపించింది. 2018 జనవరిలో అక్కడ బిట్ కాయిన్ కు మిగతా ప్రపంచం కంటే దాదాపు సగం ఎక్కువ ధర పెట్టి కొన్నారు. కొరియన్ల ఊరగాయ పేరు మీద లోకం దానికి 'కిమ్చీ ప్రీమియం' అని పేరు పెట్టింది.

అంతకు ముందే, 2017 నవంబరులో, ఇది యువతను పెడదారి పట్టిస్తుందని ప్రధాని లీ నాక్ యోన్ హెచ్చరించారు. 2018 జనవరి 11న న్యాయశాఖ మంత్రి పార్క్ సాంగ్ కీ ఎక్స్ఛేంజీలను మూసివేసే చట్టం తెస్తామన్నారు. ధరలు కుప్పకూలాయి. 2 లక్షల మందికి పైగా సంతకాలు చేసి అధ్యక్షుడికి విజ్ఞాపన పంపారు. మళ్లీ 2021 ఏప్రిల్ లో ఆర్థిక సేవల కమిషన్ చైర్మన్ ఉన్ సుంగ్ సూ, పిల్లలు తప్పు దారిన పోతుంటే పెద్దలు చెప్పాలి కదా అన్న ధోరణిలో మాట్లాడారు. ఆయన రాజీనామా చేయాలని లక్షకు పైగా జనం కోరారు. ఇళ్ల ధరలు పెరిగి మీ తరం బాగుపడింది, మాకు మాత్రం ఎక్కడానికి నిచ్చెన లేకుండా చేశారు, ఇప్పుడు నీతులు చెబుతారా అన్నది ఆ విజ్ఞాపన సారాంశం. ఈ ప్రశ్నకు కొరియా పెద్దల దగ్గర సరైన జవాబు లేదు. మన పెద్దల దగ్గర మాత్రం ఉందా?

ప్రశ్న న్యాయమైనదే. దానికి దొరికిన జవాబు మాత్రం న్యాయం చేయలేదు. 1991లో పుట్టిన డో క్వోన్ అనే కొరియా యువకుడు 'టెర్రా', 'లూనా' అని రెండు నాణేలు సృష్టించాడు. టెర్రా నాణేలు దాచుకున్నవారికి ఏడాదికి 20 శాతం దాకా వడ్డీ వచ్చేది. ఏ బ్యాంకూ ఇవ్వలేని ఆ వడ్డీ ఎక్కడి నుంచి వస్తోందని అడిగినవారిని అతను బాహాటంగానే హేళన చేసేవాడు. 2022 ఏప్రిల్ లో లూనా ధర 119 డాలర్లు. మే నెలలో వారం రోజుల్లో అది సున్నాకు చేరింది. సుమారు 4,000 కోట్ల డాలర్లు ఆవిరయ్యాయి. ఒక్క కొరియాలోనే 2 లక్షల 80 వేల మంది ఇందులో డబ్బు పెట్టినట్టు అంచనా. క్వోన్ 2023 మార్చిలో దొంగ పాస్ పోర్టుతో మాంటెనెగ్రోలో పట్టుబడ్డాడు. అమెరికాకు అప్పగించిన తర్వాత 2025 ఆగస్టులో న్యూయార్క్ కోర్టులో నేరం అంగీకరించాడు.

పతనం తర్వాత సియోల్ దివాళా కోర్టు తీసుకున్న నిర్ణయమొకటి ఉంది. అప్పులు తీర్చలేక కోర్టుకు వచ్చినవారి నెలసరి చెల్లింపులు నిర్ణయించేటప్పుడు, షేర్లలోనూ క్రిప్టోలోనూ పోగొట్టుకున్న సొమ్మును వారి ఆస్తి కింద లెక్కించనవసరం లేదని 2022 జులై నుంచి కొత్త నియమం పెట్టింది. జూదంలో ఓడినవాడి భారం నిజాయితీగా అప్పు తీర్చేవాడు ఎందుకు మోయాలని విమర్శలు వచ్చాయి. ఒక రాజధాని నగరపు కోర్టు ప్రత్యేక నియమం పెట్టవలసి వచ్చిందంటే, అప్పు చేసి మరీ కొన్న యువకులు ఎందరున్నారో ఊహించుకోవచ్చు. ఫిన్మన్ పెట్టింది అవ్వ ఇచ్చిన కానుక. అది పోతే అతను పోగొట్టుకునేది కానుక మాత్రమే. వీరు పెట్టింది అప్పు.

'మొదట్లోనే' అనే సరుకు

బిట్ కాయిన్ తొలి రోజులు ముగిసిపోయాయని వ్యాపారులకూ తెలుసు. అందుకే ఇప్పుడు వారు కొత్త కొత్త 'తొలి రోజుల్ని' తయారుచేసి అమ్ముతున్నారు. రోజుకు వేల కొత్త నాణేలు పుడుతున్నాయి. ప్రతి దానికీ "ఇది ఇంకా మొదట్లోనే ఉంది, ఇప్పుడే చేరండి" అన్న మాట తగిలిస్తారు. నిజానికి ఆ నాణెం పుట్టించినవాడే మొదటివాడు. చేరమని ఆహ్వానం అందుకున్నవాడు ఎంత తొందరపడినా రెండోవాడే.

2024 నవంబరులో 13 ఏళ్ల బాలుడొకడు కొద్ది నిమిషాల్లో ఒక కొత్త నాణెం సృష్టించి, ప్రత్యక్ష ప్రసారంలో జనం ఎగబడి కొంటుండగా తన వాటా మొత్తం అమ్మేసి దాదాపు 30,000 డాలర్లు జేబులో వేసుకున్నాడు. 2011 నాటి పన్నెండేళ్ల బాలుడు ఒక కొత్త వస్తువును నమ్మి కొన్నాడు. 2024 నాటి పదమూడేళ్ల బాలుడు కొనేవారి నమ్మకాన్నే అమ్ముకున్నాడు. బాలుడి సంగతి అలా ఉంచండి. 2025 జనవరి 17న, పదవీ స్వీకారానికి మూడు రోజుల ముందు, డోనాల్డ్ ట్రంప్ తన పేరు మీద నాణెం విడుదల చేశారు. రెండు రోజుల్లో 70 డాలర్లు దాటిన ఆ నాణెం ఆ తర్వాత దిగజారింది. కొన్నవారిలో 8 లక్షలకు పైగా ఖాతాలు సుమారు 200 కోట్ల డాలర్లు నష్టపోయాయని ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ లెక్క ప్రచురించింది.

అందరూ ఒకే తానులో ముక్కలని కాదు. రష్యాలో పుట్టి కెనడాలో పెరిగిన వితాలిక్ బుతెరిన్ 19 ఏళ్ల వయసులో 2013లో ఇథీరియం పథకాన్ని రాశాడు. మరుసటి ఏడాది మొదటి అమ్మకంలో నాణెం సుమారు 30 సెంట్లకే దొరికింది. అతను చేసింది గట్టి సాంకేతిక కృషి. 'షిబా' అనే నాణెం తయారుచేసినవారు ప్రచారం కోసం అందులో సగం అతని ఖాతాకు పంపితే, 2021 మే నెలలో వాటిలో కొంత భాగాన్ని భారతదేశంలో కొవిడ్ సహాయ నిధికి విరాళంగా ఇచ్చేశాడు. కాగితం మీద విలువ 100 కోట్ల డాలర్లు. అన్ని నాణేలు అమ్మకానికి వస్తాయన్న భయంతో ధర వెంటనే పడిపోయింది. కాగితం మీది కోట్లు చేతికొచ్చేసరికి ఎంత చిక్కిపోతాయో ఈ విరాళమే చెబుతోంది.

ధార్మిక పండితుల మాట, మన చట్టం మాట

ముస్లిం దేశాల్లో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. తుర్కీ ధార్మిక వ్యవహారాల సంస్థ 2017 నవంబరులో, ఊహాజనిత లాభాలు, ప్రభుత్వ పర్యవేక్షణ లేకపోవడం కారణంగా ఈ దశలో ఇది తగదని చెప్పింది. ఈజిప్టు ప్రధాన ముఫ్తీ షౌఖీ అల్లామ్ 2018 జనవరిలో నిషిద్ధమని ఫత్వా ఇచ్చారు. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో కరెన్సీగా దీని వాడకం హరామ్ అంది. అనిశ్చితి (గరర్), హాని అందుకు చూపిన కారణాలు. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్ కు చెందిన షరీఅత్ సలహా మండలి మాత్రం, నమోదైన ఎక్స్ఛేంజీలలో క్రయవిక్రయాలు జరుపుకోవచ్చని 2020లో అనుమతించింది. దీన్ని ఆస్తిగా పరిగణించే పండితులు, వ్యాపార సరుకు లాగే సంవత్సరం పూర్తయిన నాటి ధర మీద రెండున్నర శాతం జకాత్ చెల్లించాలంటారు. ధర సగానికి పడే లోపే జకాత్ లెక్క చూసుకోవడం తొలి కోటీశ్వరులకు వచ్చిన కొత్త చిక్కు!

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పండితుల మధ్య ఉన్న భేదాభిప్రాయం ఒక వస్తువు గురించి. దాని మీద 'హలాల్' అని ముద్ర వేసి అమ్మేవారి గురించి కాదు. హైదరాబాదులో హీరా గ్రూపు మీద 2018లో, బెంగళూరులో ఐఎంఏ మీద 2019లో వేల సంఖ్యలో ఫిర్యాదులు చేసినవారు ఎక్కువగా ముస్లిం కుటుంబాలవారే. వడ్డీ వద్దనుకుని, లాభంలో వాటా అన్న మాట నమ్మి ఇచ్చినవారు వారు. సూరత్ కు చెందిన వ్యక్తి స్థాపించిన బిట్ కనెక్ట్ కూడా ప్రతి నెలా గొప్ప రాబడి చూపించి 2018 జనవరిలో కూలిపోయింది. దాని మోసం విలువ 240 కోట్ల డాలర్లని అమెరికా న్యాయశాఖ ఆరోపణ.

మన దేశంలో రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ లో బ్యాంకులను ఈ వ్యాపారానికి దూరంగా ఉండమని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, జులై నుంచి ప్రతి అమ్మకం మీద ఒక శాతం కోత వచ్చాయి. ఒక నాణెంలో లక్ష లాభం, మరో నాణెంలో లక్ష నష్టం వస్తే మామూలు లెక్కలో మిగిలేది సున్నా. చట్టం లెక్కలో మాత్రం లక్ష లాభానికి పన్ను కట్టాల్సిందే. నష్టాన్ని అందులో మినహాయించరు, మరుసటి ఏడాదికీ మోసుకుపోనివ్వరు. పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం దీనికి పూచీ ఉందని కొందరు యువకులు అనుకుంటున్నారు. అది భ్రమ. షేర్ మార్కెట్ కు సెబీ ఉన్నట్టు దీనికంటూ నియంత్రణ సంస్థ 2025 దాకా ఏర్పడలేదు. 2024 జులై 18న వజీర్ ఎక్స్ అనే ఎక్స్ఛేంజి నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలను దొంగలు కాజేశారు. దాదాపు 2,000 కోట్ల రూపాయలు. ఖాతాదారులు తమ నాణేలు వెనక్కి తీసుకోవడానికి 2025 అక్టోబరు దాకా, అంటే పదిహేను నెలలు, ఎదురుచూడవలసి వచ్చింది.